సమాధానం ఏడుపూ, ఆనందరావు గారి డోలకూ

ముందే ఒప్పేసుకుంటాను. ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. చీమ కనిపిస్తే దానికి తొండం కూడా కనిపించే కళ్ళు నావి. మా వృత్తిలో పెద్దవాళ్ళ మందు పిల్లలకివ్వాలంటే వయసూ బరువూ చూసి డోసుని నాలుగో వంతుకో ఎనిమిదో వంతుకో తగ్గిస్తాం. మా ఆవిడ నా మాటల్ని పెళ్ళైన నాటి నుంచీ ఆ లెక్కలోనే పుచ్చుకుంటోంది. నేను "బజార్లో వెయ్యిమంది ఉన్నారే!" అంటే, "అంటే పాతికమంది. సంచీ ఇటివ్వండి, వెళ్ళొస్తాను" అంటుంది. పాఠకులు కూడా ఈ అనుభవాన్ని అదే డోసులో పుచ్చుకుంటే వారి ఆరోగ్యానికి మంచిది. ఒక్కచోట మాత్రం తగ్గించుకున్నా ప్రయోజనం లేదు. అక్కడ పెంచలేదు, శుద్ధంగా కల్పించాను. అదెక్కడో చివర్లో నేనే చెబుతాను.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది. వానాకాలం. హౌరాలో లోకల్ ఎక్కితే టికియాపారా దాటి ఇంకో రెండు మూడు స్టేషన్లకు సంత్రాగాఛి వస్తుంది. అక్కడ యార్డు పక్కన రైల్వే క్వార్టర్లు, వాటి మధ్య మా హెల్త్ యూనిట్. హెల్త్ యూనిట్ అంటే ఆసుపత్రికి వేలువిడిచిన తమ్ముడు. రెండు గదులు, ఒక డాక్టరు, ఒక తూకం మిషను, ఒక కిటికీ, ఆ కిటికీ వెనక నేను. కాగితాల మీద నేను ఫార్మసిస్టుని. కాలనీలో ఉన్న శ్రీకాకుళం వైపు వాళ్ళకి కాంపౌండరు బావుని, బెంగాలీలకి 'కంపౌండర్‌దా', అంటే కాంపౌండరు అన్నయ్యని. కరెంటు ఆ రోజుల్లో కలకత్తాకీ హౌరాకీ చుట్టపుచూపుగా వచ్చేది. వచ్చిందని సంతోషించేలోగా చెప్పకుండా వెళ్ళిపోయేది.

నా చేతిలో ఉన్న బ్రహ్మాస్త్రం కార్మినేటివ్ మిక్స్చర్. అంటే పొట్టలో గాలిని మర్యాదగా బయటికి సాగనంపే గులాబీరంగు నీళ్ళు. సీసాకి ఒక తెల్ల కాగితపు పట్టీ అంటించి, దాన్ని కత్తెరతో మెట్లు మెట్లుగా కత్తిరించేవాణ్ణి. ఒక్కో మెట్టూ ఒక్కో డోసు. మందు గొప్పతనం నాకు తెలియదు గానీ ఆ కత్తిరింపులో మాత్రం హౌరా జిల్లా మొత్తం మీద నన్ను మించినవాడు లేడు. జిల్లా అంటే, మా హెల్త్ యూనిట్.

ఒక మంగళవారం ఉదయం కిటికీ దగ్గరికి దీనమ్మ పిన్ని వచ్చింది. వెనక ఆవిడ కోడలు రూతు, రూతు ఒళ్ళో నెలన్నర పిల్లవాడు. రూతుకి ఇరవై ఏళ్ళుంటాయి, తొలికాన్పు. ఆమె భర్త శామ్యూలు యార్డులో షంటింగ్ ఇంజను మీద అసిస్టెంటు. షంటింగ్ అంటే పెట్టెల్ని ఈ లైను నుంచి ఆ లైనుకి తోసి బండి కూర్చే పని. ఆ నెలంతా అతనికి సాయంత్రం డ్యూటీ. పిల్లవాడికి సమాధానం అని పేరు పెట్టారు. ఇంట్లో శాంతి నిలవాలని వాళ్ళ క్రైస్తవ కుటుంబాల్లో పెట్టుకునే పేరే. ఇంటిని పేరుతో అదుపు చెయ్యడం కుదరదని పాపం వాళ్ళకి ఏడుపు మొదలైన ఆరో సాయంత్రానికే అర్థమైంది.

"కాంపౌండరు బావూ, ఈ గుంటడికి ఏటో అయిపోనాది" అంది పిన్ని. "సాయంత్రం ఆరు కొడితే సాలు, మొదలు. తొమ్మిది దాకా ఒకటే ఏడుపు. మా లైన్లో దొంగలు కూడా రాడం మానేసినారు."

"ఇప్పుడు హాయిగా పడుకున్నాడు కదా పిన్నీ?"

"ఇప్పుడేటి, ఇప్పుడు దేవదూతే. సాయంత్రం రా, సూద్దువు గాని!"

రూతు కొంచెం ముందుకొచ్చింది. "అన్నియ్యా, సాయంత్రం ఇంట్లో..."

"నువ్వుండవే. నేను సెప్తన్నాను కదా" అంది పిన్ని.

నేనప్పుడు ఎవరి సీసాకో కాగితం కత్తిరిస్తున్నాను. ఎనిమిదో మెట్టు మీద ఉన్నాను. తల ఎత్తలేదు.

ఆ ఏడుపు సంగతి నాకు కొత్త కాదు. కాలనీలో విననివాడు లేడు. యార్డులో ఆవిరి ఇంజన్లను ఒక్కొక్కటే తీసేస్తున్న రోజులవి. విజిల్ లోటు తెలియకుండా రైల్వే వాళ్ళు వీణ్ణి పెట్టారని చెప్పుకునేవారు. ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగిన గూడ్సు డ్రైవరు వీడి గొంతు విని లైను క్లియరైందనుకుని బండి కదపబోయాడట. వాట్‌గంజ్ డాకులో పనిచేసే మా బావ నదికి అటువైపు నుంచి "ఏ ఓడ వచ్చింది?" అని అడిగాడట. ఈ రెండో దాన్ని ఎనిమిదో వంతు పుచ్చుకోండి.

మా డాక్టరు బెంగాలీ ఆవిడ. అందరూ డాక్టర్ దిది, అంటే డాక్టరక్క, అనేవాళ్ళు. మాట తక్కువ, చెయ్యి మెత్తన. పిల్లవాణ్ణి బట్టలిప్పించి చూసింది. జ్వరం లేదు. పొట్ట దూదిలా ఉంది. గజ్జల్లో వాపు లేదు, చెవులు బాగున్నాయి. కాలి వేళ్ళకి ఎక్కడైనా వెంట్రుక చుట్టుకుందేమోనని పదివేళ్ళూ విడదీసి చూసింది. అదీ ఉంటుందట, పసివాళ్ళ ఏడుపుకి కారణాల్లో. చివరికి తూకం మిషను మీద పెట్టింది. ముల్లు చూసి నవ్వింది.

"ఖోకా భాలో ఆఛే. బాబు భేషుగ్గా ఉన్నాడు, భేషుగ్గా పెరుగుతున్నాడు. తల్లిపాలు బాగా పడుతున్నాయి. దీన్ని కోలిక్ అంటారు, కంపౌండర్‌దా. వాళ్ళకి చెప్పండి."

కోలిక్ అంటే ఏమిటో ఆవిడ చెప్పింది, నేను తెలుగు చేశాను. ఒంట్లో ఏ జబ్బూ లేని పసివాడు, రోజుకి మూడు గంటలకు పైగా, వారంలో మూడు రోజులకు పైగా, కారణం కనబడకుండా ఏడిస్తే దానికి డాక్టర్లు పెట్టుకున్న పేరది. ఎందుకొస్తుందో డాక్టర్లకీ పూర్తిగా తెలియదు. నెలన్నర వయసులో ముదురుతుంది, మూడు నాలుగు నెలలకి దానంతటదే పోతుంది. జ్వరం వచ్చినా, పచ్చగా వాంతి చేసినా, పాలు తాగడం మానేసినా, మెతకగా వేలాడిపోయినా వెంటనే తీసుకురావాలి. అంతవరకూ ఓపికగా ఎత్తుకోవడమే వైద్యం. మరీ ఓపిక నశిస్తే పిల్లవాణ్ణి పక్కమీద వెల్లకిలా పడుకోబెట్టి ఐదు నిమిషాలు బయటికెళ్ళి నిలబడాలి, కోపంలో కుదపడం మాత్రం ఎన్నటికీ కూడదు.

"మందు నేదేటి?" అంది పిన్ని.

"లేదు పిన్నీ."

"మందు నేని జబ్బేటి, జబ్బు నేని ఏడుపేటి? ఆవిడికి పిల్లలున్నారేటి?"

"ఇద్దరున్నారు."

"బెంగాలీ పిల్లలు. ఆళ్ళ కడుపులు ఏరు, మన కడుపులు ఏరు." పిన్ని కోడలి వైపు తిరిగింది. "నాకు తెల్సు బావూ, ఇది పాల దోసం. దీని పాలు గుంటడికి పడ్డం నేదు. ఆదివారం ఉపాస పార్ధన కూడిక ఉన్నాది. అదవనీ. అప్పటికీ ఏడుపు ఆగకపోతే సోమవారం నుంచి డబ్బా పాలే. డబ్బా కూడా తెప్పించేసినాను."

ఇక్కడ నేను ఒక్క గ్రాము పెంచడం లేదు. ఆ మాటకి రూతు పైట చెంగు ఇంకొంచెం గట్టిగా బిగించుకుంది. ఏదో దొంగవస్తువు దాచుకున్నట్టు. ఆరు రోజులుగా ప్రతి సాయంత్రం వింటున్న మాటని ఆ పిల్ల నమ్మడం మొదలెట్టేసింది. డాక్టర్ దిది కూడా అది చూసింది. ఆ వానల్లో కాలనీ కుళాయి నీళ్ళతో డబ్బా పాలు కలిపి పట్టిన పిల్లలు ఎలా వచ్చేవారో మాకు తెలుసు, విరేచనాల రోగుల్ని పడుకోబెట్టే బల్ల మా ఇద్దరికీ మధ్యనే ఉండేది. చక్కగా పెరుగుతున్న పిల్లవాడికి చక్కని పాలు మాన్పించేస్తారు. మాకున్నది ఆదివారం దాకా గడువు.

"మీరు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళండి" అంది దిది. "ఎలా ఎత్తుకుంటున్నారో, ఎలా పట్టిస్తున్నారో చూసి నేర్పండి."

బుధవారం ఆరింటికి వెళ్ళాను. గుమ్మం ముందు చెప్పులు చూసి, క్వార్టరు కాదు, పూజా పందిరికి వచ్చానేమో అనుకున్నాను. మూడువందల జతలు. లోపల ఒకటే గది, దాంట్లో మంచం, బీరువా, హార్మోనియం, మిగతా అంతా మనుషులు.

వీళ్ళలో ఒక పద్ధతుంది. ఒక ఇంట్లో కష్టం వస్తే, ఆ కష్టం తీరేదాకా రోజూ సాయంత్రం ప్రార్థన కూడిక ఆ ఇంట్లోనే పెడతారు. కష్టంలో ఉన్న ఇంటిని ఒంటరిగా వదలకూడదని. నాది వేరే దేవుడైనా, కూడికలో ఇచ్చే టీ రుచి నాకూ తెలుసు, ఆ మంచితనమూ తెలుసు. ఈ కూడికకి పెద్ద, టికియాపారాలో ఉండే ఆనందరావు గారు. రిటైరైన గార్డు. పచ్చజెండా, ఎర్రజెండా రైల్వేకి తిరిగిచ్చేశారు గానీ గొంతు మాత్రం ఇవ్వలేదు. రోజూ లోకల్లో పదిహేనుమందిని, హార్మోనియాన్ని, తన డోలక్‌నీ ఎక్కించుకుని వచ్చేవారు. ఆయన డోలక్ మీద చెయ్యి వేస్తే బీరువాలో గిన్నెలు ఆమెన్ అనేవి.

"వందనాలు సోదరుడా! సమయానికి వచ్చావు" అని నా చేతిలో కంచు తాళాలు పెట్టారు.

సమాధానం ఏడుస్తున్నాడు. వాడు ఏడ్చినకొద్దీ పాట పెరిగింది. పాట పెరిగినకొద్దీ వాడు పెరిగాడు. పాటల పుస్తకం చేతులు మారినట్టు వాణ్ణి ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకుంటున్నారు. ఒకావిడ పొట్ట మీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది. ఇంకొకావిడ ఆవనూనె రాసింది. ఒకాయన లాంతరు మొహం దగ్గర పెట్టి, "కళ్ళు తిప్పుతున్నాడా?" అని చూశాడు. రూతు ఎక్కడో మంచం మూల, తన బిడ్డ తనదాకా ఎప్పుడు తిరిగొస్తాడా అని చూస్తోంది.

నేను డ్యూటీ మనిషిని. తాళాలు పక్కన పెట్టి క్లాసు మొదలెట్టాను. పాలు తాగాక భుజాన వేసుకుని వీపు నిమిరి త్రేన్పు తెప్పించడం ఎలాగో చూపించాను. బోర్లా, ముంజేతి మీద, చెట్టుకొమ్మ మీద పులి పడుకున్నట్టు పడుకోబెట్టుకుని నడవడం చూపించాను. మెత్తటి గుడ్డలో చుట్టడం, వెల్లకిలా వేసి కాళ్ళు సైకిలు తొక్కించడం, చెవి దగ్గర సన్నగా 'ష్' అనడం, అన్నీ. తిరుగులేని పాఠం. దాని ఫలితం ఏమిటంటే, గదిలో ఉన్న ప్రతివారూ నేర్చేసుకున్నారు. ఒకరు పులిలా వేసుకున్నారు, ఇంకొకరు లాక్కుని సైకిలు తొక్కించారు, మూడోవారు చుట్టారు, నాలుగోవారు విప్పారు. అందరూ ఒకేసారి 'ష్' అన్నారు. ఇరవై ప్రెజర్ కుక్కర్లు ఒక్కసారి కూసినట్టయింది.

"అన్నియ్యా, ఒక మాట" అని రూతు నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ఉండమ్మా, ఇది పూర్తవనీ" అన్నాను. అని, ఆనందరావు గారు చూస్తున్నారని మళ్ళీ తాళాలు తీసుకున్నాను. తాళం తప్పకుండా వేశాను కూడా.

సమాధానం ఆ రోజు తొమ్మిదిన్నర దాకా ఏడ్చాడు. రికార్డు. గురువారం జనం ఇంకా పెరిగారు. కష్టం పెరిగింది కదా, కూడిక కూడా పెరగాలి.

శుక్రవారం బంద్. ఎవరు దేనికి పిలిచారో ఇప్పుడు నాకే కాదు, పిలిచినవాళ్ళకీ గుర్తుండదు. ఆ రోజుల్లో అక్కడ బంద్ అనేది వానలాగా వచ్చేది. కారణం అడిగేవాడు లేడు, గొడుగు వెతుక్కునేవాడే. ఎర్రజెండాలు పట్టాల మీదికి వచ్చాయి, లోకళ్ళు నిలబడిపోయాయి, యార్డు మొత్తం నిద్రపోయింది. డీజిలు ఇంజన్లని మాత్రం ఆపేస్తే మళ్ళీ స్టార్టు చెయ్యడం కష్టమని, నిలబడ్డచోటే నడుస్తూ ఉండనిచ్చారు. శామ్యూలు ఇంజను వాళ్ళ క్వార్టరు వెనక లైన్లోనే నిలబడిపోయింది. పొద్దుటి నుంచీ ఒకటే గతిలో డుగ్ డుగ్ డుగ్ డుగ్.

ఆరున్నరకి వెళ్ళాను. గుమ్మం ముందు ఒక్క జత చెప్పులు లేవు. కరెంటూ లేదు. టికియాపారా నుంచి ఎవరూ రాలేక, దీనమ్మ పిన్ని ఒక్కతే మెట్టు మీద కూర్చుని విసనకర్రతో దోమల్ని కొడుతోంది. ఏడుపు లోపలి నుంచి వినిపిస్తోంది గానీ, అది విజిలు కాదు. మామూలు పిల్లాడి ఏడుపు. మేమిద్దరం బంద్‌నీ, కుళాయినీ, కిరసనాయిలు క్యూనీ తిట్టుకుంటూ కూర్చున్నాం. తిట్టడం పూర్తికాకముందే ఏడుపు ఆగిపోయింది.

పిన్నీ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. రోజూ వచ్చే చప్పుడు రాకపోతే భయమేస్తుంది. లేచి లోపలికి నడిచాం. వెనక వరండాలో చీకట్లో రూతు నడుస్తోంది. పిల్లవాడు ముంజేతి మీద బోర్లా, బుగ్గ ఆమె మోచేతి మడతలో, చేతులు రెండూ వేలాడేసి నిద్రపోతున్నాడు. నలభై గజాల దూరంలో ఇంజను. దాని లయకి సరిగ్గా ఆమె అడుగు.

"ఏం చేశావమ్మా?" అన్నాను గుసగుసగా.

"ఏటీ సెయ్యనేదు అన్నియ్యా. ఎవులూ రానేదు. అంతే."

నా బుర్రలో కరెంటు వచ్చింది. కలకత్తా మొత్తానికి ఆ క్షణంలో కరెంటున్నది నా బుర్రలోనే. పిన్నిని మెట్టు దగ్గరికి తీసుకొచ్చాను.

"పిన్నీ, ఇవాళ గుంటడు తాగిన పాలెవరివి?"

"ఎవులివేటి, దానివే."

"నిన్న?"

"నిన్నా దానివే."

"మరి పాలు అవే అయినప్పుడు ఇవాళ మారిందేమిటి?"

పిన్ని ఆలోచించింది. ఇంజను వైపు చూసింది. తర్వాత చెప్పులు లేని గుమ్మం వైపు చూసింది. చూసిన మరుక్షణం విసనకర్ర నా మోకాలి మీద పడింది.

"అయితే ఏటంతావు? పార్ధన వల్లే నా మనవడు ఏడుస్తన్నాడంతావేటి? నోరు కడుక్కో!"

శనివారం ఉదయం దిదికి అంతా చెప్పాను. ఆవిడ బల్ల మీద చెయ్యి కొట్టినంత పని చేసింది. "ప్రార్థన కాదు కంపౌండర్‌దా, మోత. పసివాడి బుర్ర చిన్న గ్లాసు. పొద్దుట నుంచీ వెలుతురు, మాటలు, చేతులు, వాసనలు పడి సాయంత్రానికి నిండిపోతుంది. దాంట్లో మనం ఇంకా పోస్తున్నాం. చీకటి, ఒకటే చెయ్యి, ఒకటే చప్పుడు, అంతే కావాలి. అయినా ఏడుస్తాడు. తక్కువ ఏడుస్తాడు. కోలిక్‌ని తియ్యలేం, దానికి ఆజ్యం పొయ్యకుండా ఉండగలం. ఎవరో ఒకరు వాళ్ళకి చెప్పాలి."

"మీరే చెప్పండి దిదీ."

"నాకు తెలుగు రాదుగా" అని ఆవిడ తర్వాతి రోగిని పిలిచేసింది.

ఆదివారం సాయంత్రం ఉపవాస కూడిక. జనం నాలుగువేలు. ఆనందరావు గారు రెండో డోలక్ కూడా తెచ్చారు. బీరువా మీద డబ్బా పాల డబ్బా, మూత ఊడని కొత్త డబ్బా, అందరికీ కనిపించేటట్టు. సమాధానం అప్పటికే తొమ్మిదో జత చేతుల్లో ఉన్నాడు, మొహం దానిమ్మ గింజ రంగు. పాట మూడో చరణంలోకి వచ్చింది. అప్పుడు నేను లేచాను.

"ఆపండి!" అన్నాను. నా గొంతుకి లాంతరు రెపరెపలాడింది. డోలక్ ఆగింది, హార్మోనియం తిత్తి మధ్యలో ఊపిరి బిగబట్టింది. పన్నెండు నిమిషాలు మాట్లాడాను. పసివాడి బుర్ర గురించి, గ్లాసు గురించి, తల్లిపాల మహత్తు గురించి. "పెద్దలారా, ఇంత గట్టిగా పిలుస్తున్నారే, దేవుడికి ఈ క్వార్టరు నంబరు తెలియదనా? టికియాపారాలో కూర్చుని పిలిచినా ఆయన సంత్రాగాఛిలో దిగడా?" అన్నాను. ఎవరో ఏడ్చారు. ఈసారి పెద్దవాళ్ళు. ఆనందరావు గారు డోలక్ పక్కన పెట్టి, "సోదరుడా, నా కళ్ళు తెరిపించావు" అని నన్ను కౌగిలించుకున్నారు. దీనమ్మ పిన్ని వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. జనం వరుసగా నాకు వందనాలు చెప్పి, నిశ్శబ్దంగా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

ఆ మర్నాటి నుంచి కూడిక టికియాపారాకి మారింది. ఆరు కొట్టగానే రూతు లాంతరు తగ్గించి, పిల్లవాణ్ణి వెనక వరండాలోకి తీసుకెళ్ళేది. ఇంజను ఉంటే ఇంజను లయ, లేకపోతే తనే సన్నగా ఏదో కూనిరాగం. సమాధానం ఏడుపు మానలేదు, అది అబద్ధం చెప్పను. ఒకరోజు ముప్పావుగంట, ఒకరోజు గంటన్నర. ఒక గురువారం మళ్ళీ మూడు గంటలు ఏడ్చి అందర్నీ హడలగొట్టాడు. కానీ ఆ గురువారం కూడా పాల మాట ఎవరూ ఎత్తలేదు. మూడో నెల దాటాక ఒక సాయంత్రం ఆరు కొట్టింది, వాడు దీపాన్ని చూసి నవ్వాడు. డబ్బా పాల డబ్బా మూత చివరికి ఊడింది గానీ, అందులోంచి పాలపొడి బిస్కట్లలోకి వెళ్ళింది, డబ్బాలోకి ఉప్పు వచ్చింది.

ఎలా తగ్గిందనే విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు. ఆనందరావు గారు ప్రార్థన వల్ల అన్నారు. శామ్యూలు తన ఇంజను వల్ల అన్నాడు. యూనియన్ ఆఫీసులో ఒకాయన బంద్ వల్ల అన్నాడు, బంద్ వల్ల ఒరిగిన మేలు ఏదీ అని అడిగేవాళ్ళకి జవాబుగా దీన్ని చాలాకాలం వాడుకున్నాడు. నేను నా కార్మినేటివ్ మిక్స్చర్ వల్ల అన్నాను, దాన్ని ఆ పిల్లవాడికి ఒక్క చుక్క కూడా ఇవ్వకపోయినా. డాక్టర్ దిది మాత్రం తూకం మిషను ముల్లు చూసి నవ్వి, కాగితం మీద బరువు రాసుకుని ఊరుకుంది.

సమాధానం ఇప్పుడు ఆరడుగుల మనిషి, యార్డులోనే ఉద్యోగం. తెలుగు ఇంట్లో మాట్లాడతాడు గానీ చదవలేడు, అక్షరాలు వాడికి బెంగాలీవే వచ్చు. కాబట్టి వాడి గురించి ఎంత పెంచి రాసినా నాకు భయం లేదు. భయమల్లా రూతు గురించే. ఆమె రోజూ తెలుగు బైబిలు చదివే మనిషి. ఇదీ చదువుతుంది. అందుకని ఇప్పుడు ఒప్పుకోవాలి.

చెప్పుల జతలు మూడువందలు కాదు, ముప్ఫై. ఆదివారం జనం నాలుగువేలు కాదు, నలభై. డ్రైవరు బండి కదపబోవడం ఎవరో చెప్పగా విన్నది. ఇవన్నీ పెంపకాలు, డోసు తగ్గించుకుంటే సరిపోతుంది. కల్పన ఒక్కటే. ఆదివారం నేను లేవలేదు.

లేద్దామనే వెళ్ళాను. రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. రెండోసారి ఆనందరావు గారు నావైపు చూస్తే, వేగం పెంచమంటున్నారనుకుని తాళాలు ఇంకా గట్టిగా వేశాను. నేను హార్మోనియం వెనక తాళం వేస్తూ ఉండగా, మంచం మూల నుంచి రూతు లేచింది. జనం మధ్యలోంచి నడిచి, తొమ్మిదో జత చేతుల్లోంచి బిడ్డని తీసుకుంది. లాక్కోలేదు, తీసుకుంది. డోలక్ దానంతటదే ఆగింది.

"పెద్దయ్య గారూ" అంది, "దేవుడికి మా కోటర్ నెంబరు తెల్సు. బిడ్డ పడుకునే ఏళయ్యింది."

అంతే. నేను పన్నెండు నిమిషాలకి సాగదీసింది ఈ రెండు ముక్కల్నే. ఆమె వెనక వరండాలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. దీనమ్మ పిన్ని లేచింది. ఇప్పుడు కోడలి జుట్టు పట్టుకుంటుందని నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పిన్ని తన పీట ఈడ్చుకెళ్ళి ఆ తలుపుకి వీపు ఆనించి కూర్చుంది.

"ఎవులూ లెగకండి" అంది. "కూకునే సేసుకోండి పార్ధన. మనసులో."

ఆనందరావు గారు డోలక్‌ని ఒళ్ళోంచి దించి, జీవితంలో మొదటిసారి, చప్పుడు లేకుండా ప్రార్థన చేశారు. తలుపు అవతల ఏడుపు పెరిగి, పెరిగి, తగ్గడం మేమంతా విన్నాం. ఆగాక ఆయనే ముందు లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగారు.

ఆ తర్వాత ఒకసారి రూతుని అడిగాను, మోతకే వాడి ఏడుపు పెరుగుతోందని నీకెప్పుడు తెలిసిందమ్మా అని. "మూడో సాయంత్రమే తెల్సింది అన్నియ్యా" అంది. "మీకు మంగళారం సెప్పబోయినాను. కాయితం కత్తిరిస్తన్నారు కదా."

రిటైరయ్యేదాకా ఆ కిటికీ వెనకే పనిచేశాను. పసిపిల్లల్ని తీసుకుని ఎవరొచ్చినా, వెంట ఎంత గొంతున్న పిన్ని ఉన్నా, కత్తెర కింద పెట్టేవాణ్ణి. పెట్టి, మొదట తల్లి వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా" అనేవాణ్ణి. కాగితం మెట్లు అప్పటి నుంచి కొంచెం వంకరగా వచ్చేవి. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.